‘కలెవల’ గ్రంథనామమందలి షష్ఠీవిచారము

గ్రంథమునకుఁ బేరు పెట్టుట స్వల్పకార్యమని పలువురు తలంతురు. వైయాకరణుఁ డట్లు తలంపఁజాలఁడు. నామమునందలి ప్రతివిభక్తియు నొక సంబంధమును బ్రతిజ్ఞ చేయును. ఆ ప్రతిజ్ఞను గ్రంథము నిర్వహించినదా లేదా యని పరిశీలించుట విమర్శకుని విధి. ఉత్తర యూరపునందు ఫిన్లాండు, రష్యా దేశముల నడుమ నున్న కరేలియా యను సీమాప్రాంతమున జనులు నోటఁబట్టి పాడుకొన్న పాటలనుండి 1835వ సంవత్సరమున నొక మహాకావ్యము వెలువడినది. దాని పేరు ‘కలెవల’. దానిఁ గూర్చినవాఁడు ఎలియాస్ లోన్‌రొట్ (1802-1884) అను వైద్యుఁడు. ఆ తొలిముద్రణపుఁ బూర్తినామమును దెలుఁగునఁ జెప్పవలెనన్నచో, ‘కలెవల, లేదా ఫిన్లాండు జనుల ప్రాచీనకాలములనుండి కరేలియాయొక్క ప్రాఁతపాటలు’ అని యగును. ఈ చిన్న నామమునందే యొక పెద్ద వివాదము దాగియున్నది. పాట లెవరివి? కావ్య మెవరిది? ఈ రెండు ప్రశ్నలకు నుత్తర మొక్కటియేనా? ఈ వ్యాసమునఁ బరిశీలింపఁబూనిన దింతియ.

మొదట దేశస్వరూపము కొంచెము తెలియవలెను. ఫిన్లాండు సింధుశాఖ మొదలుకొని లదోగా, ఒనేగా యను మహాసరస్సుల మీఁదుగా శ్వేతసముద్రమువఱకు వ్యాపించిన యరణ్యభూమి కరేలియా. దీనిని స్వీడను రాజ్యమును నొవ్గొరదు రాజ్యమును 1323లో సంధి చేసికొని తొలుత విభజించుకొనినవి. పడమటివారు రోము మతమునకును, బిమ్మట లూథరు మతమునకును లోఁబడిరి. తూర్పువారు గ్రీకు సంప్రదాయపుఁ గ్రైస్తవులైరి. 1617లో స్తోల్బొవా సంధిచేత లదోగా పడమటి తీరము స్వీడనునకుఁ జిక్కఁగా, నచ్చటి తూర్పుమతస్థులు పెక్కండ్రు గ్రామములు విడిచి రష్యాలోని త్వేరు ప్రాంతమునకు వలసపోయిరి. 1809లో ఫిన్లాండంతయు స్వీడను చేతినుండి రష్యా చక్రవర్తి వశమై, ప్రత్యేకసంస్థానముగా నేర్పడెను. అప్పు డిరువైపుల ప్రభు వొక్కఁడే యయ్యును, సంస్థానమునకును రష్యాకును నడిమి యెల్ల చెరిగిపోలేదు. వియెనా యనఁబడు నుత్తర కరేలియా యా యెల్లకు వెలుపల, అర్హాంగెల్స్కు మండలమున నిలిచిపోయెను. ‘కలెవల’కు మూలములైన పాటలలో నుత్తమములనేకము లీ వియెనా గ్రామములలోనివే.

పడమటి ప్రాంతములలో నశించిన పాటలు తూర్పున నేల నిలిచెను? లూథరు మతాచార్యులు వానిని విగ్రహారాధనశేషములని నిందించి యడఁచిరనియు, తూర్పుమతమువా రంతగాఁ బట్టించుకొనలేదనియు, అరణ్యమధ్యమున విద్యాలయములు లేకపోవుటచేత స్మృతియే పుస్తకముగా నుండెననియుఁ బండితులు చెప్పుచున్నారు. 1551లో మికాయెల్ అగ్రికొలా యను మతాచార్యుఁడు తన స్తోత్రగ్రంథపు పీఠికలో ఫిన్లాండులోని హామె ప్రాంతమువారును గరేలియావారును గొలుచు దేవతలపట్టికను వ్రాసెను. అందు కలెవలనాయకుఁడైన వైనామోయినెన్ పేరు నున్నది. ఆచార్యుఁడు నిందించుటకు వ్రాసినది నేఁడు చరిత్రకారులకు సాక్ష్యమైనది.

పాట లెల్లకుఁ దూర్పున బ్రదికియున్నవని మొదట గ్రహించినవాఁడు జకారియాస్ తొపెలియస్ అను వైద్యుఁడు. ఆతఁడు వాతరోగముచేత మంచము పట్టియుండియు, వియెనానుండి మూటలు మోసికొనివచ్చు తిరుగుడు వర్తకులను దన యింటికిఁ బిలిపించి పాటలు పాడించుకొని వ్రాసికొని, 1822 మొదలు 1831 వఱకుఁ బ్రకటించెను. లోన్‌రొట్ ఆ జాడనే పట్టెను. ఆతఁడు కయాని పట్టణమున వైద్యాధికారిగా నుండుచు, ననేకయాత్రలు చేసి, 1833లో వూన్నినెన్ గ్రామమున ఒన్‌త్రెయి మాలినెన్‌ను, 1834లో లాత్వయార్వి గ్రామమున అర్హిప్పా పెర్తునెన్‌ను దర్శించెను. అర్హిప్పా కొలఁది దినములలోఁ బాడినవి నాలుగువేలకుఁ బైఁబడిన పంక్తులు. తన తండ్రి చేపలవేటకుఁ బోయినప్పుడు రాత్రులఁ దోడివానితోఁ జేయి చేయి పట్టుకొని, పాడినపాట మరల పాడక తెల్లవాఱువఱకుఁ బాడుచుండెననియు, ఇప్పటి యువకుల కా యాసక్తి లేదనియు నా వృద్ధుఁడు లోన్‌రొట్‌తోఁ జెప్పుకొని వగచెనఁట.

ఇఁక నామమును విప్పి చూతము. ఫిన్నిష్ భాషలో విభక్తులు పదునైదు. షష్ఠీచిహ్నము నకారము. గ్రంథనామమున నీ షష్ఠి మూఁడుమాఱులు వచ్చినది: ‘కరేలియాయొక్క’ పాటలు, ‘ఫిన్లాండుయొక్క’ జనము, ఆ ‘జనముయొక్క’ కాలములు. కడపటి రెండును నొక్కటిగా నన్వయించును. కాలశబ్దముపైనున్న విభక్తి మనపంచమివంటిది. లోపలినుండి వెలువడుటను దెలుపును. అయిన నదే విభక్తి ‘గుఱించి’ యను నర్థమునందును వచ్చును. కావున నీ నామమున కన్వయములు రెండు. ‘ఫిన్లాండు జనుల ప్రాచీనకాలమునుండి వచ్చిన కరేలియా పాటలు’ అని యొకటి. ‘ఫిన్లాండు జనుల ప్రాచీనకాలమును గుఱించిన కరేలియా పాటలు’ అని రెండవది. మొదటి యన్వయమున ఫిన్లాండు జనులు పాటలకు జన్మకాలమిచ్చినవారు. రెండవ యన్వయమున వారు పాటలకు విషయభూతులు. రెంటియందును బాటలు మాత్రము కరేలియావే.

షష్ఠి కర్థములు నూటికిఁ దక్కువ గావని మహాభాష్యకారుని యభిప్రాయము. అందు మన విచారమునకుఁ గావలసినవి మూఁడు. చెట్టు ఫలమనునపుడు జన్యజనకభావము. రాజు గుఱ్ఱమనునపుడు స్వస్వామిభావము. కృదంతయోగమునఁ గర్తకుఁ గాని కర్మకుఁ గాని వచ్చు షష్ఠి మూఁడవది. ‘కరేలియాయొక్క పాటలు’ అన్నచోటఁ గరేలియా జనకస్థానము, ఆ జనులు గానక్రియకుఁ గర్తలు. ఈ గ్రంథచరిత్రయంతయు జనకషష్ఠి క్రమముగా లోపించుటయు, స్వామిషష్ఠి దాని స్థానమున నెక్కుటయు నని నా యభిప్రాయము. దీనికి స్పష్టమైన నిదర్శనము రెండవ ముద్రణము. 1835నాఁటి గ్రంథము ముప్పదిరెండు సర్గములది, రమారమి పండ్రెండువేల పంక్తులది. 1849లో లోన్‌రొట్ దానిని విస్తరించి యేఁబది సర్గములుగా, 22,795 పంక్తులుగాఁ బ్రకటించెను. నేఁడు లోకము చదువునది యిదియే. దీని ముఖపత్రమునఁ ‘గలెవల’ యను మాట నిలిచినది. కరేలియా యను మాట లేదు.

ఇట్లనుటచేత లోన్‌రొట్ కూటకర్త యని చెప్పినట్లు గాదు. ఆతని పని యెట్టిదో ముందుగా నిష్పక్షపాతముగాఁ జూడవలెను. వైనో కౌకొనెన్ అను విద్వాంసుఁడు కావ్యములోని పంక్తులనన్నిటిని వ్రాఁతప్రతులలోని పాటలతో సరిపోల్చెను. సుమారు మూఁడవవంతు పంక్తులు గాయకుల నోటివి యథాతథములు. సుమారు సగము స్వల్పపుమార్పులు గలవి. నూటికిఁ బదునాలుగు పాటలమాదిరి ననుసరించి లోన్‌రొట్ కూర్చినవి. కేవలము స్వకల్పితములు నూటికి మూఁడు. ఈ లెక్కనుబట్టి కొందఱు కావ్యము జనులదే యని వాదింతురు. అయినఁ బంక్తుల లెక్క కావ్యకర్తృత్వమును నిర్ణయింపఁజాలదు. పదములు లోకమువి, వాక్యము వక్తది. వాక్యమందలి పదములన్నియు నిఘంటువులో నున్నవి గదా యని నిఘంటుకర్తను వక్త యనరు గదా. కలెవలయందలి పంక్తి గాయకునిది, కథాక్రమము లోన్‌రొట్‌ది.

ఇంత పెద్ద కూర్పున నతుకులు కనఁబడకుండుటకుఁ గారణ మా పాటల ఛందస్సు. పంక్తికి సామాన్యముగా నెనిమిది యక్షరములు, రెండేసి యక్షరముల గణములు నాలుగు. ఆ భాషలో నూనిక పదముయొక్క మొదటి యక్షరముమీఁద నుండును. ఆ యక్షరము గురువైనచో గణాదియందును, లఘువైనచో గణముయొక్క రెండవ స్థానమునను నుండవలెను. మొదటి గణమున మాత్ర మీ నియమము సడలును. పంక్తిలో రెండుమూఁడు పదములకు నాద్యవర్ణ మొక్కటియగుట యలంకారము. అది మన వడివంటిదే కాని, మన వడివలె స్థాననియతము గాదు. ప్రాస లేదు, శ్లోకవిభాగము లేదు. ఒక పంక్తిలోని భావమునే తరువాతి పంక్తి మాటలు మార్చి చెప్పును. మన యాలంకారికు లిట్టిదానిని బునరుక్తిదోష మందురు. ఇచ్చట నదే గానమునకుఁ బ్రాణము, స్మృతికి నూఁతకోల.

ఈ నియమముల ఫలమేమి? ఏ గ్రామపు గాయకుని పంక్తినైన నే గ్రామపు గాయకుని పంక్తి ప్రక్కనైన నిలుపవచ్చును. ఛందస్సు చెడదు, ప్రాస తప్పదు. మన యుత్పలమాలలో నొక పాదము తీసి వేఱొక పద్యపాదము నుంచినచోఁ బ్రాసయే దొంగను బట్టియిచ్చును. రూనో యనఁబడు నా పాటలలో నట్లు పట్టియిచ్చువాఁడు లేఁడు. కావున సంపాదకుని కత్తెర యెచ్చటఁ బడినదో వ్రాఁతప్రతి చూడనిదే యెంతటి రసజ్ఞునకును దెలియదు. లోన్‌రొట్ తన పనిని సమర్థించుకొనుచు, గాయకులు పాటల నెట్లు తమకుఁ దోఁచిన క్రమమునఁ గూర్చుకొందురో యా స్వాతంత్ర్యమే తనకును గలదనెను. ఈ వాదమున సత్యమున్నది. అర్హిప్పాయు దన తండ్రి పాటను మార్చియే యుండును. అయిన గాయకుని మార్పు మఱునాఁడు వేఱొక గాయకుని మార్పునకుఁ దావిచ్చును. ముద్రిత మైన మార్పు తక్కిన పాఠములన్నిటికి నానకట్ట యగును. లోన్‌రొట్ గాయకులలోఁ గడపటివాఁడు. ఆతని పిమ్మట నందఱును బాఠకులే.

ఒక్క యుదాహరణము చాలును. కలెవలలో యౌకహైనెన్ అను యువకుఁడు వృద్ధ వైనామోయినెన్‌తో మంత్రగానమునఁ బోటీ చేసి యోడి, ప్రాణము దక్కించుకొనుటకుఁ జెల్లెలి నిచ్చెదనని మాట యిచ్చును. ఆమె పేరు ఐనో. వృద్ధుని వరింపనొల్లక యా బాలిక సముద్రమునఁ బడి మరణించి మత్స్యరూపమున వైనామోయినెన్ వలకుఁ జిక్కి, పరిహసించి తప్పించుకొనిపోవును. ఈ కరుణఘట్టమును మెచ్చని పాఠకుఁడు లేఁడు. కాని గాయకుల నోట నిది యొక్క కథ గాదు. గానపు పోటీపాట వేఱు, చేపకన్యను బట్టిన పాట వేఱు. అడవిలో నొకఁడు పలుకరింపఁగా నేడ్చుచు నింటికి వచ్చి, తల్లి సొమ్ములు పెట్టుకొమ్మనఁగాఁ గొట్టములోనికిఁ బోయి యురి పోసికొన్న పిల్ల పాట వేఱు. లోన్‌రొట్ ఈ మూఁటిని గలిపి, యురిని నీటిమరణముగా మార్చెను.

ఇంతకంటె వైయాకరణుని యాకర్షించు విషయ మా పేరు. ‘ఐనో’ యనఁగా నా భాషలో నొక్కగానొక్క యని యర్థము. పాటలలో నది తల్లికి నొక్కతెయే యైన కూఁతును వర్ణించు విశేషణము. బాలికపేరు పెక్కుచోట్ల ‘అన్ని’. లోన్‌రొట్ విశేషణమును సంజ్ఞ చేసెను. యౌగికము రూఢియైనది. తరువాత ఫిన్లాండులో వేలకొలఁది బాలికల కా పేరు పెట్టిరి. కరేలియాలోని పేరులేని పిల్లల దుఃఖ మొక్క పేరుగల నాయిక యైనది. ఇది కవిప్రతిభ గాదని యెవఁ డనఁగలఁడు? ‘ప్రాఁతపాటలు’ అను మాట కిది సరిపడునని మాత్ర మెవఁ డనఁగలఁడు?

భాషావిషయమునను నిట్లే. ఫిన్నిష్, కరేలియన్ భాషలు సోదరీభాషలు గాని యొక్కటి గావు. అడవిని ఫిన్నిష్ భాష ‘మెత్సా’ యనును, వియెనా భాష ‘మెచ్చా’ యనును. సంస్కృతమున ‘మత్స్య’ యనఁబడునది ప్రాకృతమున ‘మచ్ఛ’ యగుట యెఱిఁగిన మన కీ పోలిక వింత గొలుపును. ఇది ధ్వనిసాదృశ్యమే కాని భాషాసంబంధము గాదు. ఫిన్నిష్ ప్రకృతియు గరేలియన్ వికృతియు నను క్రమమును నిచ్చట లేదు. లోన్‌రొట్ ‘మెచ్చా’ యని విన్నచోట ‘మెత్సా’ యని యచ్చువేయించెను. తూర్పు మాండలికపు సంపదను ఫిన్నిష్ గ్రాంథికభాషకుఁ జేర్చుటయే యాతని యుద్దేశము. అందాతఁడు కృతకృత్యుఁడయ్యెను. వ్యాకరణమునకు ఫిన్నిష్ భాషలో నేఁటికిని వాడుకలోనున్న పదము భాషాశబ్దవిద్యాశబ్దముల సమాసముగా నాతఁడు కల్పించినదే. ఒక భాష యిట్లు పెంపొందినది. దాని సోదరి పాటలిచ్చి మూఁగ యయ్యెను.

తెలుఁగువారి కొక పోలిక యిచ్చట స్ఫురింపక మానదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో జన్మించి, లోన్‌రొట్ మరణించిన 1884లోనే మరణించెను. ఇరువురును జనుల నోటనున్న కవిత్వమునకుఁ బుస్తకరూప మిచ్చిరి. బ్రౌను 1829లో వేమన పద్యములు ప్రకటించునపుడు పెక్కుప్రతులు తెప్పించి పోల్చి 693 పద్యములను బరిగ్రహించెను. ఆతఁడు విడిచినవి యుండవచ్చును, దిద్దినవి యుండవచ్చును. కాని యా పద్యములను గ్రుచ్చి వేమనచరిత్ర మను కావ్యమును నిర్మింపలేదు. ఎన్నుట వేఱు, అల్లుట వేఱు. ఎన్నినవాఁడు సంపాదకుఁడు; అల్లినవాఁడు కవి. లోన్‌రొట్‌ను సంపాదకుఁ డన్నచో నాతని కవిత్వమునకు నన్యాయము, గాయకుల పాఠమునకు నన్యాయము. కవి యన్నచో రెండన్యాయములును దొలఁగును.

ఈ వివేకము పండితుల కాలక్షేపమునకు మాత్రమే కాదు. విభక్తి తాఱుమాఱైనచో జనుల బ్రదుకులు తాఱుమాఱగుట యా సీమలో జరిగినది. 1917లో ఫిన్లాండు స్వతంత్రమైన పిమ్మట, మహాకావ్యము మాదైనప్పుడు గానభూమియు మాదే గదా యను వాదము బయలుదేఱెను. వియెనా కొఱకు సైనికయాత్రలు నడచినవి. 1941 మొదలు 1944 వఱకుఁ దూర్పు కరేలియా ఫిన్లాండు సైన్యముల యధీనమున నుండెను. మఱియొకవైపున, 1940లోఁ గుదిరి 1944లో మరల స్థిరపడిన యెల్లలచేత ఫిన్లాండు కరేలియాలోఁ దనకుఁ గలిగిన పెద్దభాగమును సోవియట్ దేశమునకు విడిచెను. నాలుగులక్షలకుఁ బైఁబడిన జనులు నిండ్లు విడిచి పడమటికిఁ బోయిరి. సొర్తవలా పట్టణమున 1935లోఁ బ్రతిష్ఠింపఁబడిన రూనోగాయకుని ప్రతిమ యచ్చటనే నిలిచినది. దానిఁ బ్రతిష్ఠించినవారు నిలువలేదు. 1949లోఁ గావ్యమునకు నూఱేండ్లు నిండినపుడు యెల్ల కిరువైపులను నుత్సవములు జరిగినవి. కావ్యము తమదని యిరువైపుల వారును జెప్పుకొనిరి. స్వామిషష్ఠి యిద్దఱికిని గావలసినది. కర్తృషష్ఠి యెవరికిని గుర్తు లేదు.

అన్నిటికంటె విచిత్రమైనది 1963లో జరిగినది. లోన్‌రొట్ సంచరించిన వియెనా గ్రామములలో ముఖ్యమైన ఉహ్తువాకు, రష్యనుభాషలో నుహ్తాకు, సోవియట్ ప్రభుత్వమువారు ‘కలెవల’ యని క్రొత్తపేరు పెట్టిరి. ఊరి పాట పుస్తకమునకుఁ బోయినది, పుస్తకము పేరు తిరిగి యూరికి వచ్చినది. బింబమునకుఁ బ్రతిబింబము పేరు పెట్టినట్లున్నది. నేఁడు రష్యాలోని కరేలియా గణరాజ్యమున రాజభాష రష్యను మాత్రమే. కరేలియన్ మాటలాడువారు నానాఁటికిఁ దగ్గుచున్నారు. ఫిన్లాండులో మాత్రము 2009లో నా భాషకు నల్పసంఖ్యాకభాషగా గుర్తింపు కలిగినది.

ఇఁక విధాయకముగాఁ జెప్పవలసినది కలదు. ఫిన్నిష్ సాహిత్యసమాజము 1831లో స్థాపితమైనది. కలెవలను బ్రకటించినది యా సమాజమే. తరువాతి కాలమున దానికిఁ బ్రాయశ్చిత్త మనఁదగిన పనినిఁ జేసినదియు నా సమాజమే. 1908 మొదలు 1948 వఱకు నలువదియేండ్లు శ్రమించి ముప్పదిమూఁడు సంపుటములుగా మూలగానములను, నతుకక, దిద్దక, గాయకుని పేరు, గ్రామము, వ్రాసికొన్నవాని పేరు, సంవత్సరము చేర్చి ప్రకటించెను. మొదటి సంపుట మే ప్రాంతపుఁ బాటలది? వియెనాది. 1849లో ముఖపత్రమునుండి జాఱిపోయిన జనకషష్ఠి యీ సంపుటములలోఁ బాటపాటకును దిరిగి వచ్చినది. అచ్చట అర్హిప్పా, ఒన్‌త్రెయి ప్రత్యేకకవులు. లారిన్ పారస్కె (1833-1904) యను నింగ్రియా ప్రాంతపు పేదరాలు ముప్పదివేల పంక్తులకుఁ బైగాఁ బాడిన స్త్రీకవి. ఆమెను ‘జనుల’ లోఁ గలిపి పేరు మాపుట కిఁక నెవరికిని దరము గాదు.

కాఁబట్టి విమర్శకులు రెండు గ్రంథములను రెండు తులలఁ దూఁచవలెను. కలెవలను లోన్‌రొట్ కావ్యముగాఁ జదివి, కథాసంధానమున, పాత్రపోషణమున, రసమున గుణదోషములు చెప్పవచ్చును. అచ్చటఁ బ్రాచీనజనుల మతాచారములకుఁ బ్రమాణము వెదకరాదు. మూలగానములను గాయకుల కృతులుగాఁ జదివి, పాఠభేదములను విచారింపవచ్చును. అచ్చట మహాకావ్యక్రమము వెదకరాదు. ఈ రెంటిని గలగలపినచో లోన్‌రొట్‌కుఁ జెందిన పొగడ్త జనుల కని వారికిఁ బోవును, జనులకుఁ జెందిన పేరు లోన్‌రొట్‌కుఁ బోవును. ఇద్దఱికిని దక్కవలసినది దక్కదు.

మన దేశమునను బల్లెలలో జనుల నోట నున్న కథలను, బదములను నచ్చువేయు పూనిక నానాఁటికిఁ బెరుగుచున్నది. ఆ పని పూనినవారు పాడినవాని పేరు, ఊరు ముందు వ్రాసికొని పిమ్మటఁ బాట వ్రాసికొందురుగాక. దిద్దవలెనను కోరిక పుట్టినచో దిద్దిన ప్రతిని వేఱుగా నుంతురుగాక. షష్ఠి యొక్క యక్షరమే. అది తప్పినచోఁ దిరిగి నిలుపుట కా సమాజమునకు ముప్పదిమూఁడు సంపుటములు పట్టినవి.